లాన్‌లో మొలిచే డాండెలియన్ ఆకు అమ్మ రోజూ వండుతోంది, నాన్న గుండె వాల్వ్ మాత్రలతో పర్లేదా?

ఒహాయో_ఖమ్మం:

నమస్తే అండి అందరికీ. పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదివి తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

మా అమ్మానాన్న ఏప్రిల్ మొదటి వారంలో ఖమ్మం నుంచి ఇక్కడికి, అమెరికాలో ఒహాయోకి వచ్చారు, ఆరు నెలలుంటారు. మా బ్యాక్‌యార్డ్ నిండా పసుపు పూలే, డాండెలియన్లు. మా ఆయన ఏటా మందు కొట్టించేవాడు, పోయినేడు మేలో కొట్టించాం, ఈసారి ఇంకా కుదర్లేదు. అమ్మ వచ్చిన నాలుగో రోజు పొద్దున్నే పెరట్లోకెళ్ళి ఒక ఆకు తుంచి, తుంచిన చోట పాలు కారుతుంటే వేలికి రాసుకుని చూసి, ఆకు కొస నాలిక మీద పెట్టుకుని "చేదుందిగానీ ఇది తినే ఆకేనే" అంది. నేను వద్దమ్మా అంటూనే ఉన్నా. కానీ ఆ పక్కింట్లో ఒక గ్రీకు పెద్దావిడ ఉంటారు, ఆవిడ కూడా చిన్న కత్తి, గిన్నె పట్టుకుని వంగి అదే మొక్కని కుదుళ్ళతో సహా కోసుకుంటుంటే మా అమ్మకి ఇంక ధైర్యం వచ్చేసింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, అయినా కంచె దగ్గర నిలబడి అరగంట మాట్లాడుకుంటారు.

అప్పట్నుంచి మా ఇంట్లో వారానికి నాలుగైదు రోజులు ఇదే. కందిపప్పులో వేస్తుంది, పచ్చిమిరపకాయలేసి వేపుతుంది, చింతపండేసి రోటి పచ్చడి కూడా చేసింది. రుచి బాగుంది, మెంతికూర కంటే ఒక పిసరు ఎక్కువ చేదు అంతే. అందరం ఇష్టంగానే తింటున్నాం.

ఇప్పుడు నా భయం నాన్న గురించి. ఆరేళ్ళ కింద గుండెలో మైట్రల్ వాల్వ్ మార్చారు, మెటల్ వాల్వ్. అప్పట్నుంచి రక్తం గడ్డకట్టకుండా రోజూ ఎసిట్రోమ్ మాత్ర వేసుకుంటారు, బీపీకి టెల్మిసార్టన్, షుగర్‌కి మెట్‌ఫార్మిన్. ఫిబ్రవరిలో బయల్దేరేముందు ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే టెస్ట్) చేయిస్తే 2.9 వచ్చింది, ఇక్కడికొచ్చాక మళ్ళీ చేయించలేదు. ఊళ్ళో ఉండగా డాక్టర్ ఆకుకూరలు ఎక్కువ తినొద్దన్నారని నాన్నకి గుర్తుందట, కానీ "అది పాలకూర గురించి, ఇది గడ్డి కదా" అంటున్నారు.

ఇంకోటి, మా ఆయనకి ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 అని పోయినేడు స్కానింగ్‌లో వచ్చింది. మా ఆడపడుచు ఒక వాట్సాప్ వీడియో పంపింది, డాండెలియన్ వేరు లివర్‌ని కడిగేస్తుందని, కాన్సర్ కణాల్ని 48 గంటల్లో చంపేస్తుందని. అది చూసి మా ఆయన ఆన్‌లైన్లో వేరు క్యాప్సూల్స్ ఆర్డర్ పెట్టాడు, డబ్బా వచ్చి కిచెన్ కౌంటర్ మీద ఉంది, ఇంకా మూత తియ్యలేదు. అసలీ మొక్కలో నిజంగా ఏముంది, ఎంతవరకు మంచిది, ఎవరికి మంచిది కాదు? తెలిసినవాళ్ళు చెప్పండి.

—

ఫార్మసీ_కౌంటర్:

అమ్మా, మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ముందు నాన్నగారికి ఐఎన్ఆర్ చేయించండి. రేపే. నేను పదిహేనేళ్ళుగా ఇక్కడ ఫార్మసిస్ట్‌ని, మిమ్మల్ని భయపెట్టాలని కాదు గానీ మైట్రల్ మెటల్ వాల్వ్ ఉన్నవాళ్ళకి ఐఎన్ఆర్ మామూలుగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి, అది కిందకి జారితే వాల్వ్ మీద రక్తం గడ్డ కట్టే ప్రమాదం, అది పక్షవాతం దాకా వెళ్ళొచ్చు. వేలు గుచ్చి ఒక్క చుక్క తీసి నిమిషాల్లో చెప్పేస్తారు, అర్జెంట్ కేర్‌కి ఫోన్ చేసి ఆ టెస్ట్ ఉందో లేదో కనుక్కుని వెళ్ళండి. మాట తడబడడం, ఒక చెయ్యి బలం లేకుండా పడిపోవడం, మూతి వంకర పోవడం, ఉన్నట్టుండి ఆయాసం లాంటిది ఏది కనపడినా టెస్టులు చూసుకోకుండా 911కి (ఇక్కడి ఎమర్జెన్సీ నంబర్) ఫోన్ చెయ్యండి.

ఎందుకంటే చెప్తాను. ఎసిట్రోమ్ అయినా ఇక్కడిచ్చే వార్ఫరిన్ అయినా చేసే పని ఒకటే, విటమిన్ కె ని లివర్ మళ్ళీ మళ్ళీ వాడుకోకుండా అడ్డుపడతాయి. రక్తం గడ్డకట్టించే ప్రొటీన్లు కొన్ని తయారవ్వాలంటే లివర్‌కి ఆ విటమిన్ కావాలి. మాత్ర ఒకవైపు లాగుతుంటే ఆకుకూర ఇంకోవైపు లాగుతుంది. ఇప్పుడు లెక్క చూడండి, పచ్చి డాండెలియన్ ఆకు 100 గ్రాముల్లో విటమిన్ కె దాదాపు 778 మైక్రోగ్రాములు. పాలకూరలో 483. మగవాళ్ళకి రోజుకి చాలు అనేది 120. అంటే నాన్నగారు గడ్డి అనుకుంటున్నది పాలకూర కంటే ఒకటిన్నర రెట్లు పైనే. 50 గ్రాముల ఆకు పప్పులో పడి ఆయన వాటాకి వచ్చినా మూడు రోజుల సరుకు ఒక పూటలో లోపలికెళ్ళినట్టు. ఉడికించి నీళ్ళు పారబోస్తే పోతుందా అంటే పోదు, అది నూనెలో కరిగే విటమిన్, నీళ్ళలో కాదు, పైగా మనం తాలింపు వేస్తాం కాబట్టి ఇంకా బాగా వంటబడుతుంది.

ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. భయపడి ఇవాళ్టి నుంచి పూర్తిగా మానిపించెయ్యకండి, కనీసం టెస్ట్ చేసి డాక్టర్‌తో మాట్లాడేవరకు. డోసు మీరే పెంచడం, తగ్గించడం కూడా వద్దు. రోజూ తిని ఒక్కసారి ఆపేస్తే ఐఎన్ఆర్ అటువైపు ఎగిరి రక్తస్రావం రిస్క్ వస్తుంది. ఈ మాత్రలు వేసుకునేవాళ్ళకి ఆకుకూరలు నిషేధం అని ఎవరో చెప్పి వదిలేస్తారు, అది సరికాదు, ప్రతి వారం ఇంచుమించు అంతే తినాలి అనేది అసలు సంగతి. ఒక వారం సున్నా, ఒక వారం ఐదు రోజులు, అదే కొంప ముంచేది.

టెల్మిసార్టన్ సంగతి. అది ఒంట్లో పొటాషియం కొంచెం పెంచుతుంది. డాండెలియన్‌లో పొటాషియం దండిగా ఉంటుందని అందరూ రాస్తారు, ఉంది, 100 గ్రాములకి 397 మిల్లీగ్రాములు, కానీ పాలకూరలో 558 ఉంటుంది. కాబట్టి కూరగా తింటే ఇది ప్రత్యేకంగా ప్రమాదమేమీ కాదు, కిడ్నీలు బాగున్నంత వరకు. కిడ్నీ బలహీనంగా ఉన్నా, ఆకుని టీగానో టింక్చర్‌గానో తాగుతున్నా మాత్రం లెక్క మారిపోతుంది. నాన్నగారికి షుగర్ కూడా ఉందన్నారు కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీ టెస్ట్), పొటాషియం కూడా అదే విజిట్‌లో చూపించండి. రిపోర్ట్ ఏమొచ్చిందో ఇక్కడ రాయండి తప్పకుండా.

—

కలుపుమొక్క:

పై ఆయన చెప్పింది నూటికి నూరు శాతం, ముందు అది చేసుకోండి. నేను బాపట్ల అగ్రికల్చర్ కాలేజీలో చదివి ఇప్పుడు ఇండియానాలో ఉంటున్నా, కలుపు మొక్కలే నా పని, అందుకని మొక్కలో ఏముంది అన్న ప్రశ్నకి నాకు తెలిసింది రాస్తా.

దీని శాస్త్రీయ నామం టరాక్సకం అఫిసినేల్. ఆ రెండో మాట పాతకాలం మందుల కొట్లలో ఉండే మొక్కలకి పెట్టేవాళ్ళు, అంటే యూరప్‌లో దీన్ని ఎప్పట్నుంచో మందుగా వాడారు, అక్కడి వాళ్ళే వలస వచ్చేటప్పుడు ఇక్కడికి తెచ్చారు, లాన్ అనే పిచ్చి వచ్చాక అదే మొక్క శత్రువైంది. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు కుటుంబమే. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి వందకి పైగా బుల్లి పూల గుత్తి, ఒక్కో పసుపు రేకా ఒక్కో పువ్వు.

ఒకే మొక్కలో ఆకు సంగతి ఒకటి, వేరు సంగతి ఇంకొకటి, జనం రెండూ కలిపేసి మాట్లాడతారు. ఆకులో విటమిన్లు, ఖనిజాలు కాకుండా ఫినాలిక్ పదార్థాలుంటాయి, వాటిలో పెద్దన్న చికోరిక్ ఆసిడ్, తర్వాత క్లోరోజెనిక్ ఆసిడ్ (ఇది కాఫీ గింజలో కూడా దండిగా ఉంటుంది), ల్యూటియోలిన్ అనే ఫ్లేవనాయిడ్. పువ్వులో కూడా ఈ ల్యూటియోలిన్, పసుపు రంగుకి కెరోటినాయిడ్లు. ఇవన్నీ ల్యాబ్‌లో యాంటీ ఆక్సిడెంట్లుగా, వాపు తగ్గించేవిగా పని చేస్తాయని చాలా పేపర్లున్నాయి. ఆ చేదు ఎక్కడిదంటే సెస్క్విటెర్పీన్ లాక్టోన్లు అనే రకం పదార్థాలది, మీ అమ్మగారు వేలికి రాసుకున్న ఆ తెల్ల పాలలో కూడా ఉంటాయి. పశువుల నుంచి, పురుగుల నుంచి కాపాడుకోడానికి మొక్క చేసుకునే ఏర్పాటు అది. నాలిక మీద చేదు తగిలితే నోట్లో లాలాజలం ఊరుతుంది, ఆకలి వేస్తుంది, భోజనం మొదట్లో కాకరకాయ కూరో వేపపూల పొడో తినే అలవాటున్న మనకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. యూరప్ మందుల సంస్థ కూడా దీనికి ఇచ్చిన సర్టిఫికెట్ అంతవరకే, అజీర్తి, కడుపుబ్బరం, ఆకలి మందగించడం, మూత్రం కొంచెం సాఫీగా రావడం. అది కూడా సంప్రదాయ వాడకం ఆధారంగానే, ట్రయల్స్‌లో రుజువైందని కాదు.

మూత్రం అన్నాను కదా, ఫ్రెంచ్ వాళ్ళు దీన్ని పిసాన్లీ అంటారు, అర్థం పక్క తడపడం అని. 2009లో 17 మంది మీద ఒక్క రోజు చేసిన చిన్న స్టడీ ఉంది, ఆకు ఎక్స్‌ట్రాక్ట్ మూడు డోసులిచ్చారు, మొదటి డోసు తర్వాత ఐదు గంటల్లో ఎక్కువసార్లు వెళ్ళారు, మూడో డోసుకి మాత్రం తేడా ఏమీ రాలేదు. మనుషుల మీద చేసినవి ఇంత చిన్నవే, మిగతాదంతా ఎలుకలు, కుందేళ్ళు, గాజు పళ్ళేల్లో కణాలు.

వేరులో అసలు సరుకు ఇన్యులిన్, అది పీచు లాంటి పిండిపదార్థం. మనకి అరగదు, పెద్దపేగులో ఉండే మంచి బాక్టీరియాకి మేత. వసంతంలో తవ్విన వేరులో 2 శాతం దాకానే ఉంటుంది, ఎందుకంటే చలికాలం దాటడానికి దాచుకున్నదంతా కొత్త ఆకుకి ఖర్చు పెట్టేస్తుంది, అదే శరదృతువులో తవ్వితే 40 శాతం దాకా ఉంటుంది. అందుకే "డాండెలియన్ వేరు" అని డబ్బా మీద రాస్తే ఏ నెలలో తవ్విందో తెలియకుండా లోపల ఏముందో చెప్పడం కష్టం. వేరులో ఇంకా టరాక్సస్టెరాల్ లాంటి ట్రైటెర్పీన్లు కొద్దిగా ఉంటాయి.

మొక్క గుర్తు పట్టడం గురించి కూడా చెప్పాలి, చదివి ఇంకెవరో ఏదో పీక్కొస్తారని నా భయం. డాండెలియన్ పూకాడ లోపల గొట్టంలా డొల్లగా ఉంటుంది, కాడ మీద ఆకు ఉండదు, కొమ్మలుండవు, ఒక కాడకి ఒక్క పువ్వు. ఆకులన్నీ నేలకి అంటుకుని చక్రంలా, నున్నగా, పళ్ళు వెనక్కి తిరిగి ఉంటాయి. ఆ పళ్ళ వల్లే సింహం పన్ను అని ఆ పేరొచ్చింది. ఆకు మీద నూగు ఉండి పూకాడ చీలితే అది క్యాట్స్ ఇయర్, ప్రమాదం లేదు. కానీ ఆకు రాకముందే మార్చిలో పొలుసుల కాడ మీద పసుపు పువ్వు పూసేది కోల్ట్స్‌ఫుట్, అందులో లివర్‌ని పాడుచేసే ఆల్కలాయిడ్లుంటాయి, ముట్టుకోకండి.

మందు పోయినేడు మేలో కొట్టించామన్నారు, మామూలుగా లాన్ మీద కొట్టే 2,4-డి లాంటివి నేలలో ఏడాది నిలవవు కాబట్టి మీ పెరడు దాదాపు ఫర్వాలేదు, అయినా ఆ కంపెనీ ఏం వాడిందో బిల్లు మీద చూసుకోండి. కొత్తగా కొట్టిన చోట డాండెలియన్ కాడలు పాముల్లా మెలికలు తిరిగి ఆకులు ముడుచుకుంటాయి, అలాంటిది కనపడితే ఆ చుట్టుపక్కల ఏ ఆకూ కోయొద్దు. పార్కులు, రోడ్డు పక్కన, స్కూల్ గ్రౌండ్లు అసలే వద్దు.

మన ఆంధ్రా తెలంగాణ పొలాల్లో నేనిది చూడలేదు, దీనికి చల్లదనం కావాలి. కాశ్మీర్‌లో మాత్రం హంద్ అని పిలిచి ఎప్పట్నుంచో తింటారు, బాలింతలకి పెడతారు.

—

డెట్రాయిట్_వాసి:

ఆ 48 గంటల వీడియో గురించి నేను రాయాలి, మిగతావాళ్ళు తిట్టినా పర్లేదు పెద్దగా రాస్తా.

నేనుండే చోట నది దాటితే కెనడా, విండ్సర్. ఆ కథ పుట్టింది విండ్సర్ యూనివర్సిటీలో. అక్కడి బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో డాక్టర్ సియారామ్ పాండే టీమ్ డాండెలియన్ వేరు కషాయం లుకేమియా కణాల మీద పోస్తే అవి చచ్చిపోయాయి, మామూలు కణాలు అంతగా దెబ్బతినలేదు, 2011లో పేపర్ వేశారు. 2016లో పెద్దపేగు కాన్సర్ కణాల మీద, ఎలుకల మీద ఇంకో పేపర్. మంచి పనే అది, ఆ పరిశోధకుల తప్పేమీ లేదు. 2012లో కెనడా ప్రభుత్వం మనుషుల మీద మొదటి దశ ట్రయల్‌కి అనుమతి కూడా ఇచ్చింది. మొదటి దశ అంటే ఎంత డోసు వరకు మనిషి తట్టుకుంటాడు అని చూడ్డం, జబ్బు తగ్గుతుందా అని కాదు. గాజు పళ్ళెంలో కణాల మీద నేరుగా పోసినంత గాఢంగా ఆ పదార్థం రక్తంలోకి చేరాలంటే ఎంత తాగాలి, పేగు దాటి లివర్ దాటి ఎంత మిగులుతుంది, ఆ ప్రశ్నలేవీ వీడియోలో ఉండవు.

ఇది నాకెందుకింత పట్టింపు అంటే మా బావగారికి బ్లడ్ కాన్సర్ వచ్చినప్పుడు ఇదే వీడియో మా ఫ్యామిలీ గ్రూప్‌లో పదకొండు మంది పంపారు. మా అక్క రోజూ పొద్దున వేరు టీ కాచి ఇచ్చేది, కీమో ఎందుకు ఒళ్ళు గుల్ల అవ్వడానికా, మూడు నెలలు ఇది చూద్దాం అని ఇద్దరూ అనుకున్నారు. మాకెవరికీ చెప్పలేదు. నేను వాళ్ళింటికెళ్ళినప్పుడు స్టవ్ మీద ఆ గిన్నె, పక్కన అపాయింట్‌మెంట్ కార్డు తేదీ దాటిపోయి ఉండడం చూసి గుండె జారిపోయింది. ఆ రాత్రంతా కూర్చుని మాట్లాడి మర్నాడు హాస్పిటల్‌కి తీసుకెళ్ళాను. ఐదు వారాలు పోయాయి. దేవుడి దయ, ట్రీట్‌మెంట్‌కి లొంగింది, ఇప్పుడు బాగున్నారు. కానీ ఆ ఐదు వారాలు తల్చుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

అందుకని మీ ఆడపడుచుగారికి దయచేసి చెప్పండి, ఆ వీడియో ఇంకొకరికి పంపొద్దని. పంపినవాళ్ళకి మంచి ఉద్దేశమే ఉంటుంది, అవతల చూసేవాళ్ళు ఏ పరిస్థితిలో ఉన్నారో మనకి తెలీదు కదా.

—

రాగ్‌వీడ్_తుమ్ములు:

చిన్న విషయం. నాకు ఆగస్టు సెప్టెంబర్‌లో రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క పుప్పొడి ఎలర్జీ బాగా, ఊళ్ళో ఉన్నప్పుడు చామంతి దండ ముట్టుకున్నా చేతులు దురదే. ఎవరో చెప్తే డాండెలియన్ టీ మొదలెట్టా, రెండో కప్పుకే పెదాలు తిమ్మిరెక్కి నోరంతా దురద, మెడ మీద దద్దుర్లు, బెనడ్రిల్ (ఎలర్జీ మాత్ర) వేసుకుంటే గానీ తగ్గలేదు. డాక్టర్ అంటే అదంతా ఒకే కుటుంబం, ఆ పాలలో ఉండే లాక్టోన్లే చాలామందికి పడవు అన్నారు. కలుపుమొక్క గారు రాసింది చదివాక ఇప్పుడు అర్థమైంది. ఇంట్లో ఎవరికైనా బంతి చామంతి పడకపోతే కోసేటప్పుడు గ్లవ్స్ వేసుకోమనండి, తినకపోవడమే మేలు.

—

తెనాలి_పెద్దమ్మ:

అమ్మాయ్, నేను న్యూజెర్సీలో ఇరవై ఎనిమిదేళ్ళ నుంచి ఉంటున్నా, ఈ ఆకు అంత కాలంగానూ వండుతున్నా. మా దగ్గర వైన్‌ల్యాండ్ అని ఊరుంది, ఇటాలియన్ రైతులది, డాండెలియన్ రాజధాని అని పిలుచుకుంటారు, పొలాల్లో వేసి పండిస్తారు, వసంతంలో దీనితో విందు కూడా చేస్తారు. నాకు ఈ ఆకు నేర్పింది అక్కడి నుంచి వచ్చిన ఒక సహోద్యోగి.

మీ అమ్మగారికి రెండు మూడు మాటలు చెప్పు. పువ్వు రాకముందు ఆకు లేతగా ఉంటుంది, పువ్వు పూసి తెల్లటి బూరు ఎగరడం మొదలెట్టాక ఆకు ముదిరి చేదు బాగా పెరుగుతుంది. నీడలో పెరిగింది ఎండలో దాని కన్నా మెత్తగా ఉంటుంది. మధ్య ఈనె తీసేస్తే సగం చేదు పోయినట్టే. బాగా కాగే నీళ్ళలో ఉప్పేసి రెండు నిమిషాలు ఉంచి వార్చి, పిండకుండా చల్లటి నీళ్ళు పోసి, అప్పుడు కందిపప్పులో వెయ్యాలి. చింతపండు, కొంచెం బెల్లం పడితే చేదు దారికొస్తుంది. నేను పెసరపప్పుతో ఎక్కువ చేస్తా, వెల్లుల్లి నలగ్గొట్టి ఎండుమిర్చి తాలింపు, దించేముందు గుప్పెడు కొబ్బరి. వార్చిన నీళ్ళతో విటమిన్ సి, పొటాషియం కొంత పోతాయి, పోనీ, మన వాళ్ళందరికీ ఆ చేదు అలవాటు ఉండదు.

ఇంకోటి, షాపులో డాండెలియన్ గ్రీన్స్ అని కట్ట అమ్ముతారు చూడు, ఎర్రటి ఈనెలు, పొడుగు ఆకులు, అది చాలాసార్లు డాండెలియన్ కాదు, చికోరీ ఆకు. నేనూ చాలా ఏళ్ళు అదీ ఇదీ ఒకటే అనుకున్నా. రెండూ దగ్గర చుట్టాలే, దాని వేరులోనూ ఇన్యులినే. మనం ఊళ్ళో తాగే ఫిల్టర్ కాఫీ పొడిలో కలిపేది ఆ చికోరీ వేరే కదా, వేయించి పొడి చేసి, 49 శాతం దాకా కలపొచ్చని రూలు. డాండెలియన్ వేరుని కూడా ఇక్కడ అలాగే వేయించి కాఫీ అని అమ్ముతారు, మా ఇంట్లో ఒకసారి పాలు చక్కెర వేసి ఇస్తే మా వారు "పొడి మార్చావా" అన్నారంతే, కనిపెట్టలేదు. కడుపుబ్బరం ఉన్నవాళ్ళకి మాత్రం ఆ కాఫీ పడదు, ఇన్యులిన్ గ్యాస్ చేస్తుంది, నాకు అనుభవం.

జూన్ నెలాఖరుకి అమ్మగారిని మీ డ్రైవ్‌వే పగుళ్ళలో చూడమను, ఎర్ర కాడలతో నేల మీద పాకే మన గంగవాయిలి కూర మొలుస్తుంది. అది అచ్చంగా మనదే, చూసి ఎంత సంతోషిస్తారో.

—

ఒహాయో_ఖమ్మం:

పది రోజులైంది, అప్‌డేట్ ఇస్తానన్నా, ఇదిగో. ఫార్మసీ కౌంటర్ గారూ, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. మీరు రాసిన మర్నాడే తీసుకెళ్ళాం. ఐఎన్ఆర్ 1.8. నర్స్ మళ్ళీ ఇంకో వేలు గుచ్చి చూసింది, అదే వచ్చింది. డాక్టర్ అప్పటికప్పుడు ఖమ్మంలో మా డాక్టర్ గారి చీటీలు అన్నీ చూసి, పొట్టలో ఇంజెక్షన్లు కొన్ని రోజులు రాసి, మాత్ర డోసు మార్చారు. వారం తిరక్కుండా రెండుసార్లు చూశారు, నిన్న 2.7 వచ్చింది. క్రియాటినిన్, పొటాషియం రెండూ నార్మల్. ఏం తిన్నారు కొత్తగా అని అడిగితే మా అమ్మ ఫోన్లో పెరటి ఫోటో చూపించింది, డాక్టర్ దాన్ని పెద్దది చేసి చూసి "ఇది నేను కూడా తింటా, మీరు మాత్రం కొలిచి తినండి" అన్నారు. ఏ ఆకుకూరైనా సరే, వారానికి రెండుసార్లు, ప్రతిసారీ ఒకే గరిటె కొలత, మొత్తం ఎప్పుడూ మారకూడదు, ఊరెళ్ళాక కూడా అంతే అని నాన్నని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు. నాన్న ఈసారి గడ్డి అనలేదు, తలూపారు.

అమ్మ చాలా ఏడ్చింది పాపం, నా చేత్తో పెట్టాను అని. ఆమె తప్పు కాదు కదా, మా ఎవరికీ తెలీదు.

మా ఆయన క్యాప్సూల్స్ సంగతి ఇంకా మిగిలిపోయింది. వాడొచ్చా? ఈ మధ్యే గాల్ బ్లాడర్‌లో చిన్న రాయి కూడా ఉందని అన్నారు, నొప్పి ఏమీ లేదు.

—

ఫార్మసీ_కౌంటర్:

2.7 చదివి నాకే ఊపిరొచ్చిందమ్మా. అమ్మగారికి చెప్పండి, ఆవిడ వండబట్టే ఈ ప్రశ్న వచ్చింది, ఇక నుంచి జీవితాంతం నాన్నగారు కొలతగా తింటారు.

క్యాప్సూల్స్ విషయంలో, రాయి ఉందంటే వద్దు, చర్చే లేదు. ఆ చేదు పదార్థాలు పిత్తరసం ఎక్కువ కారేలా చేస్తాయని సంప్రదాయంగా వాడేవారు, రాయి ఉన్నచోట పిత్తాశయం గట్టిగా పిండుకుంటే అది జారి నాళంలో ఇరుక్కోవచ్చు. యూరప్ మందుల సంస్థ పత్రంలోనే పిత్తాశయంలో రాళ్ళు, పిత్తనాళాలు మూసుకుపోవడం, లివర్ జబ్బులు, అల్సర్ ఉన్నవాళ్ళు వాడకూడదని ఉంది. చూడండి, లివర్‌ని కడుగుతుందని అమ్మే డబ్బా, లివర్ జబ్బున్నవాళ్ళు వాడొద్దని అక్కడ రాసిన వస్తువు.

ఫ్యాటీ లివర్‌కి ఆధారం ఏముందంటే 2013లో ఎలుకలకి కొవ్వు మేత పెట్టి ఆకు ఎక్స్‌ట్రాక్ట్ ఇస్తే లివర్‌లో కొవ్వు తగ్గింది, 2010లో కుందేళ్ళలో కొలెస్ట్రాల్ కొంచెం మెరుగైంది. మనిషికి ఇంత మోతాదు, ఇన్ని నెలలు అని చెప్పేంత ట్రయల్ లేదు. పైగా అమెరికాలో 1994 చట్టం ప్రకారం సప్లిమెంట్ అమ్మడానికి ముందు అది పని చేస్తుందని ఎఫ్‌డీఏకి (ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ) ఎవరూ రుజువు చూపించక్కర్లేదు. గ్రేడ్ 1 అయితే మీ ఆయన బరువులో 7 నుంచి 10 శాతం తగ్గడం మీద దృష్టి పెట్టమనండి, దానికి ఆధారం గట్టిగా ఉంది. అమ్మగారి పప్పు తినడం మాత్రం ఆయన హాయిగా కంటిన్యూ చెయ్యొచ్చు, కూరగా తింటే డోసు చాలా తక్కువ, నొప్పి ఏదైనా మొదలైతే ఆపి డాక్టర్‌కి చెప్పాలి. ఆ డబ్బా వెనక్కి పంపెయ్యండి, మూత తియ్యలేదన్నారు కదా.

—

ఒహాయో_ఖమ్మం:

రిటర్న్ పెట్టేశాం అండి, రేపు పికప్. వీడియో గురించి డెట్రాయిట్ అన్నయ్య రాసింది మా ఆడపడుచుకి పూర్తిగా చదివి వినిపించా, తను ఫ్యామిలీ గ్రూప్‌లో తీసేసి, ఎందుకు తీసేసిందో కూడా రాసింది.

పెద్దమ్మ గారూ, మీరు చెప్పినట్టు ఈనె తీసి, వార్చి, పెసరపప్పుతో చేశాం నిన్న. మంగళవారం, శుక్రవారం అని అమ్మ క్యాలెండర్ మీద పసుపు పెన్నుతో గుండ్రం చుట్టి, నాన్న కంచానికని ఒక స్టీలు గరిటె విడిగా పెట్టింది. నిన్న పక్కింటి గ్రీకు ఆవిడకి ఒక గిన్నెలో పంపితే, ఆవిడ గిన్నె కడిగి అందులో ఉడకబెట్టిన ఇదే ఆకు, పైన ఆలివ్ నూనె, నిమ్మరసం పోసి తిరిగి పంపారు. అమ్మ అది ఇవాళ తను మాత్రమే తింది, నాన్న వాటా శుక్రవారానికి దాచింది.